నిప్పు తగలని వరుగులు

తొంభై ఒకటి ఎండాకాలం. కోరుట్లలో మా మిద్దె మీద వరుగులు ఎండబెట్టి అమ్ముతున్న రోజులు. వరుగులంటే ముక్కలు కోసి ఎండబెట్టిన కూరగాయలు. నాకప్పటికి నలభై దాటాయి, అక్షరం ముక్క రాదు. సంచి మూతి తాడుకు ముడులు వేసి గుర్తు పెట్టుకునేదాన్ని. ఒక ముడి ఉంటే టమాట, రెండుంటే జామ, మూడుంటే మొలకెత్తిన పెసలు. నా దగ్గర కొనేవాళ్లందరికీ ఆ లెక్క తెలుసు.

సిరిసిల్ల నుంచి రాజేశం వచ్చింది ఆ ఏడే. నాలుగు సాంచాలున్న ఆసామి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. కడుపులో పుండు. ఆపరేషన్ చేయాలన్నారట డాక్టర్లు. ప్రకృతి వైద్యుడొకాయన మాత్రం, ఆరు నెలలు నిప్పు తగిలిన తిండి ముట్టకుండా చూడు, తగ్గకపోతే అప్పుడు కోయించుకో అన్నాడట. పచ్చివి తెచ్చుకుంటే నిలవవు, ఎండకు ఆరబెట్టుకోవాలి. తన మిద్దె మీద పెడితే సాంచాల నుంచి లేచే దూది నూగంతా ముక్కలకు అంటుకుంటోంది. అందుకే నా దగ్గరికి వచ్చాడు.

జగిత్యాల వడ్లాయనతో, అంటే వడ్రంగితో, సోలార్ డ్రయ్యర్ చేయించి తెచ్చాడు. అదేం యంత్రం కాదు. చెక్క పెట్టె, పైన వాలుగా అద్దం, లోపల నల్లరంగు పూసిన రేకు, దాని మీద జాలీ ట్రేలు. కింది రంధ్రాల్లోంచి వచ్చిన గాలి వేడెక్కి, ముక్కల తడిని పట్టుకుని పై కిటికీలోంచి పోతుంది. లోపల థర్మామీటర్ కట్టి, నలభై అయిదు దగ్గర ఎర్రదారం చుట్టాడు. పాదరసం దారం దాటితే కిటికీ ఇంకాస్త తెరవాలి. లేకపోతే ఉడికినట్టే లెక్క.

మొదటి విడత నేను చెడగొట్టాను. ముక్కలను ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి ఎండబెట్టడం మా అలవాటు. చెప్పకుండా అట్లాగే చేశాను. నోట్లో వేసుకోగానే కనిపెట్టాడు.

"అక్కా, గిది పొయ్యి సూసొచ్చింది గదా?"

"లేకుంటె పురుగు పడ్తది తమ్మి. మా అత్త నేర్పిన పని."

"మీ అత్తకు పుండు లేకుండె. నాకున్నది."

నవ్వాను. మళ్లీ ఆ పని చేయలేదు. నాలుగు నెలలపాటు పదిహేను రోజులకోసారి బస్సులో వచ్చి సంచులు పట్టుకుపోయాడు. నొప్పి తగ్గిందనీ, నిద్ర పడుతోందనీ చెప్పేవాడు. ఈ తిండితో తగ్గిందో, పాత మందుల గుణమో నేను చెప్పలేను. మనిషి మాత్రం తేరుకున్నాడు.

అది అన్నల కాలం. అన్నలంటే నక్సలైట్లు. అడవిలో వాళ్లకు అన్నం పెట్టినవాళ్లకు పోలీసుల భయం, పెట్టనివాళ్లకు అన్నల భయం. పోలీసులు బస్సులు ఆపి సంచులు విప్పి చూసేవాళ్లు. పొయ్యి అక్కర్లేని, పొగ రాని, నెలలు నిలిచే తేలిక తిండి ఎవరికి పనికొస్తుంది? నాకు ఆ ఆలోచన తట్టలేదు. రాజేశానికి తట్టింది. ఒకసారి మూడు కాగితం ముక్కలు రాసి తెచ్చి, సంచికొకటి కట్టమన్నాడు.

"ఏం రాసినవ్ తమ్మి?"

"ఎవలన్న ఆపితే సూపెడ్త అక్కా."

చదివి వినిపించమనడానికి నామోషీ. నా పేరూ ఊరూ అందులో ఉంటాయని నాకు నేనే అనుకున్నాను. ఉంటే జీపు నేరుగా మా ఇంటికే వస్తుంది. అతను కింద మంచినీళ్లు తాగుతుండగా కాగితాలు డబ్బాలో దాచి, సంచులను గోనెలో పెట్టి మూతి కుట్టేశాను. కట్టానని చెప్పాను.

వేములవాడ దాటాక బస్సు ఆపారు. గోనె విప్పితే కాగితాల్లేవు, ముడులున్నాయి. ఇదేం సైగ, ఎందరికి ఈ తిండి అని పట్టుకుపోయారు. అతను ఏం చెప్పాడో నాకప్పుడు తెలియదు. కోరుట్లలో ఎక్కాడని కండక్టర్ చెప్పాడట. మర్నాడు పొద్దున ఇద్దరు మఫ్టీవాళ్లు, మిద్దెల మీద ఎండబెట్టే ఇళ్లన్నీ తిరుగుతూ మా ఇంటికి వచ్చారు. ఒకతని చేతిలో నా సంచి.

"గీ ముడులు నీయేనా?"

"నాయి కావు సారూ."

"సిరిసిల్ల రాజేశం ఎరికేనా?"

"ఎవలో నాకు తెల్వది."

పైనున్న పెట్టె దేనికంటే మిరపకాయలకన్నాను. అవునని ఉంటే, ముడుల లెక్క విప్పి చెప్పి ఉంటే, ఆ పొద్దే అతన్ని వదిలేవాళ్లేమో. లేదా నన్నూ ఎక్కించుకుపోయేవాళ్లేమో. ఏదైనా, అవి నావని చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

అయిదు రోజులు ఉంచుకున్నారు. వాళ్లు పెట్టిన కారపు కూరే తిన్నాడట; తినకపోతే అదొక అనుమానం. తోటి ఆసాములు పోయి మాట్లాడితే వదిలారు. నెల తిరగకముందే పుండు పగిలి, కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. బతికాడు. సాంచాల ముందు నిలబడే సత్తువ లేక అమ్మేశాడని విన్నాను. డ్రయ్యర్ కోసం మనిషిని పంపలేదు. నేనూ పలకరించడానికి పోలేదు.

యాభై దాటాక పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కోవడం వచ్చాక డబ్బా తీసి ఆ కాగితాలు చదివాను. మూడింటిలోనూ ఒకటే: "ఇది సిరిసిల్ల రాజేశం మందు తిండి. నిప్పు తగలనిది. నేనే చేసుకున్నాను." నా పేరు లేదు, మా ఊరు లేదు. పోలీసులకూ ఇదే చెప్పి ఉంటాడు.

ఇప్పుడు ప్రతి సంచి మీదా సరుకు పేరు, నా పేరు, ఊరు నా చేత్తోనే రాస్తాను. చదువు రాకనే అట్లా జరిగిందని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ పొద్దు వాళ్లు నన్ను చదవమనలేదు. ముడులు నీవేనా, కావా అని అడిగారు.