తొమ్మిదో దూలం

రాస్తున్నావా మేఘనా? మొదటి వాక్యం ఇలా వేసుకో: మీ అమ్మ సుజాత డాన్సు క్లాసు మొదలైన పది నిమిషాలకే నేల కుంగిపోయింది, కుంగదీసింది మీ నానమ్మే.

"నానమ్మా, రియల్లీ? హోల్ ఫ్లోరా?"

మొత్తం కాదులే, నడుమ మాత్రమే. తొందరపడకు. చదివేవాళ్ళూ, మీరు కూడా కుర్చీ గట్టిదో కాదో ఒకసారి చూసుకుని కూర్చోండి.

అవి వై-టూ-కే రోజులు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోతాయని హడలిపోయి, మీ నాన్నను హైదరాబాదు నుంచి మెల్‌బోర్న్ పిలిపించారు. ఆ ఊరి శివార్లలో, క్రెయిగీబర్న్‌లో ఇల్లు; వాళ్ళతోపాటు నేనూ మీ తాతా. శని, ఆదివారాలు కూడా వాడు ఆఫీసులోనే. మీ అమ్మకు మాత్రం ఉద్యోగం దొరకలేదు. పదేళ్ళు నేర్చుకున్న కూచిపూడిని పట్టుచీరల అడుగున పెట్టి మరిచిపోయినట్టు ఉండేది. గిన్నెలు తోముతుంటే కాళ్ళు మాత్రం వాటంతటవే తాళం వేసేవి. చివరికి ధైర్యం తెచ్చుకుని, వెనక గదిలో క్లాసు పెడతానంది. ఎనిమిది మంది తల్లులు విజయదశమి పొద్దున తలా ఒక పిల్లతో వచ్చి చూస్తామన్నారు. నచ్చితే పిల్లల్ని చేర్పిస్తారు, నచ్చకపోతే గజ్జెలు మళ్ళీ పెట్టెలోకే.

సిమెంటు మీద ఆడితే పిల్లల మోకాళ్ళు పోతాయి కాబట్టి, జానెడు ఎత్తున చెక్క నేల వేయాలన్నారు. ఆ పని పక్కింటి ఖాజా భాయ్ మీదేసుకున్నాడు. కర్నూలులో సివిల్ ఇంజనీరు, ఇక్కడ కంప్యూటరు ముందు కూర్చునేవాడు గానీ చేతులు సుత్తి కోసం దురదపెట్టేవి. చెక్క నేలను కింది నుంచి మోయడానికి గదిలో తొమ్మిది దూలాలు వరసగా వేసి బిగించాడు.

"అక్కా, దూలానికీ దూలానికీ నడుమ నాలుగు వందల యాభై మిల్లీమీటర్లు. దానికి తగ్గ చెక్క షీట్లు తెప్పించండి. నాకు సిడ్నీలో పనుంది, పండగనాటికి వచ్చేస్తా. బావ షీట్లు పరిచి స్క్రూలు బిగిస్తే సాలు" అని కాగితం మీద 450 అని రాసిచ్చాడు. చెప్పిందంతా ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను, నాకు గుర్తున్నది ఆ అంకె ఒక్కటే.

నేనూ మీ తాతా కలప అడితికి వెళ్ళాం. కౌంటరులో బ్యారీ అని, ఎండకు కాలి ఎర్రటి టమాటాలా ఉన్నాడు.

"వాట్ స్పేసింగ్, లవ్? ఫోర్ ఫిఫ్టీ ఆర్ సిక్స్ హండ్రెడ్?"

"ఏమే, నిన్ను లవ్ అంటున్నాడేంటే?" అని మీ తాత.

"ఆ సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం. ముందు స్పేసింగ్ అంటే ఏంటో చెప్పండి."

మీ తాత పాపం గోడ వైపు చూశారు. నేను షీటు వైపు చూశాను. దాని మీద పెద్ద అక్షరాలతో 450 అని అచ్చేసి ఉంది. బియ్యం బస్తా మీద అంకె ఉంటే ఏమిటి? బరువే కదా! వెంటనే లెక్కేశాను. ఎనిమిది మంది పిల్లలు, తలా పాతిక కిలోలు, మొత్తం రెండు వందలు. మీ అమ్మ యాభై ఐదు. ఇంకా బోలెడు మిగిలింది.

బ్యారీ రెండు చేతులూ ఎడంగా పట్టుకుని, "సపోర్ట్స్ అండర్నీత్. నో వైడర్ దాన్ దిస్, ఓకే?" అన్నాడు. అర్థం కానప్పుడు నేను తల చాలా బాగా ఊపుతాను. ఆ ఊపులో అవునో కాదో తెలియక అతను కూడా కాసేపు ఊపాడు. అలా ఇద్దరం ఎదురెదురుగా ఊగి, నాలుగు షీట్లకు ఆర్డరిచ్చాం.

ఇంటికొచ్చి దూలాలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది!  మా పుట్టింట్లో తలుపులైనా, కిటికీలైనా, దూలాలైనా సరి సంఖ్యలోనే ఉండాలి. పైగా ఐదో దూలం గది నట్టనడిమికి వచ్చింది. అది బ్రహ్మస్థానం, అక్కడ బరువుండకూడదు.

"ఏవండీ, నడిమి దూలం పీకేయండి."

"ఖాజా ఇంజనీరే! లెక్క చూసే వేసుంటాడు."

"ఇంజనీర్లకు వాస్తు చెబుతారా? అయినా షీటు నాలుగు వందల యాభై కిలోలు మోస్తుందని దాని మీదే ఉందిగా!"

"కిలోలని ఎక్కడుందే?"

"మరి లీటర్లా?"

 మీ తాత దూలం పీకి, పైన షీట్లు పరిచి స్క్రూలు బిగించేశారు. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ లెక్క తప్పకుండా మీ నాన్న అక్కడ కాపలా కాస్తున్నాడు, ఇక్కడ వాడిని కన్నతల్లి తొమ్మిదిని ఎనిమిది చేసింది.

విజయదశమి వచ్చింది. గోడ వారగా ఎనిమిది మంది తల్లులు, సిడ్నీ నుంచి దిగిన ఖాజా భాయ్. మీ అమ్మ పట్టుచీర కట్టుకుని, తాళం వేసే తట్టుకర్ర తీసుకుంది. "తా తై తత్ తై!" పిల్లలు అడుగేశారు. నేల "ఊఁ" అంది. రెండో అడుగుకు ఇంకాస్త గట్టిగా అంది.

"మిస్, ఇట్స్ బౌన్సీ!" అని అరిచింది ఒక పిల్ల. ఇంకేముంది, ఎనిమిది మందీ నడిమికి చేరి గెంతడం మొదలుపెట్టారు. కర్రుమని చప్పుడు. నేల ఉయ్యాలలా కిందికి దిగింది. పూజ పళ్ళెంలోని కొబ్బరికాయ, నిమ్మకాయలు తీరుబడిగా దొర్లుకుంటూ బ్రహ్మస్థానానికి చేరుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఇంకోసారి గెంతుదామన్నారు కూడా. కానీ మీ అమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఒకావిడ హ్యాండుబ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. "ఈ నేల ఎవరు వేశారండీ?"

పాపం ఖాజా భాయ్ లేచి, స్క్రూలు తీసి షీటు ఎత్తి చూశాడు. "ఇక్కడ దూలం ఏమాయె?"

మీ తాత ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. మీ అమ్మ తట్టుకర్రను పక్కన పెట్టేస్తోంది. అది చూశాక నా నోరు ఆగలేదు.

"నేనే తీయించాను. ఖాజా తప్పు లేదు, మా కోడలికి అసలు తెలియదు. తొమ్మిది బేసి సంఖ్య, పైగా నడిమిది బ్రహ్మస్థానం మీదుంది. షీటు నాలుగు వందల యాభై కిలోలు మోస్తుంది కదా అని..."

"కిలోలా?" ఖాజా భాయ్ నెత్తి పట్టుకున్నాడు. "అక్కా, అది దూలాల నడుమ ఎడం! అంతకన్నా ఎక్కువుంటే షీటు ఓర్చుకోదు. మీరు నడిమిది పీకి ఎడాన్ని రెట్టింపు చేసినారు!"

"మరి సరి సంఖ్య?"

"సరి సంఖ్య కావాలంటే ఒకటి పీకేది ఎందుకక్కా, ఇంకోటి ఏస్తే సరిపాయె! పది దూలాలు సమంగా సర్దితే ఎడం తగ్గుతాది, నేల ఇంకా గట్టిగుంటాది. నట్టనడుమ ఏ దూలమూ రాదు. మీ వాస్తు నిలుస్తాది, నా లెక్కా నిలుస్తాది."

 హ్యాండుబ్యాగు ఆవిడ పకపకా నవ్వి, బ్యాగు కింద పెట్టింది. ఆ పొద్దున మిగిలిన క్లాసు పెరట్లో గడ్డి మీద జరిగింది. ఎనిమిది మందీ చేరారు. అందరూ వెళ్ళేముందు మీ అమ్మ నన్ను పిలిచి, చాలా మర్యాదగా అంది: "అత్తయ్యా, కొత్త నేల పడ్డాక మొదటి అడుగు మీరే వేయాలి. అది ఆగితేనే పిల్లల్ని ఎక్కిస్తాను."

యాభై రెండేళ్ళ వయసులో, ఎనిమిది మంది పిల్లలు చప్పట్లు కొడుతుండగా, పది దూలాల మీద "తా తై తత్ తై" ఆడాను తల్లీ. నేల ఆగింది. నా మోకాళ్ళే ఆగలేదు.

ఇప్పుడు పెద్ద అక్షరాల్లో రాయి: పార్వతమ్మ అనే నేను, పూర్తి స్పృహలో, మనవరాలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఎవరి ఇంట్లో ఎన్ని దూలాలున్నాయో లెక్కపెట్టను. ఒకవేళ పొరపాటున లెక్కపెట్టినా, పైకి చెప్పను. ఒకవేళ చెప్పినా, కలపమంటానే గానీ పీకమనను.