రాకాసి తిరగలికి కక్కు కొట్టించాను

మాఘ శుద్ధ దశమి, గురువారం, పొద్దున్న సరిగ్గా తొమ్మిది గంటలకు నేను మా ఊరి కొంప ముంచాను. గంట అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, అప్పుడే అడవుల మీద అధికారి అయిన దొరగారు గడియారం తీసి చూశారు. గోదావరి ముంచితే వరద తీశాక మళ్ళీ దున్నుకుంటాం. నేను ముంచితే అలా కాదు, నేను గట్టివాణ్ణి.

మా ఊరు పోలవరానికి ఎగువన, ఏటికీ కొండకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు దిగువవాళ్ళకే గాని మాకు రావు. మాకున్నదల్లా పశువులు, అవి మేసే అడవి. ఆ అడవిని సర్కారువారు మూసేస్తారని కబురొచ్చింది. ఊరంతా బెంబేలెత్తిపోతుంటే కరణం సుబ్బరాయుడు పంతులుగారు ఒక దారి చెప్పారు.

"అడవిలో పాడుబడ్డ రాతిమండపం ఉంది కదా. ఆ మేతబీడు ఊరికి ధారపోశానని పూర్వపు రాజు అక్కడ రాతిమీద రాయించాడట. మా తాతగారు చెప్పేవారు. అది చూపిస్తే దొర కాదనలేడు."

పంతులుగారికి కీళ్ళనొప్పులు, ఆ రాయిని ఆయనా ఎన్నడూ చూసింది లేదు. దరఖాస్తు పెట్టారు. దొర వస్తానన్నాడు. పశువులు కాస్తూ పెరిగినవాణ్ణి గనుక దారి చూపే పని నాకు పడింది. అప్పటికి నాకు పాతికేళ్ళు. ఒంట్లో దున్నపోతు బలం, తలలో దోమకున్నంత బుర్ర.

"ఒరే సత్తియ్యా, ముందురోజే వెళ్ళి మండపం శుభ్రం చేయించు. దొర ముందు ఊరి పరువు పోకూడదు."

"అది మీరు నాకు చెప్పాలా అండీ!"

నిజంగానే చెప్పకుండా ఉండాల్సింది.

బుధవారం వడ్డెర వీరాసామిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఊళ్ళో తిరగళ్ళు నున్నగా అరిగిపోతే ఉలితో పొడిచి మళ్ళీ గరుకు తెచ్చేది అతనే. దాన్నే కక్కు కొట్టడం అంటాం. తీగలు నరికాం, గబ్బిలాలను తోలాం. స్తంభాలన్నీ తడిమి చూశాను, అక్షరం కనబడితే ఒట్టు. నేనెరిగిన అక్షరాలు పంతులుగారి కాగితం మీద నల్లగా, చీమల బారులా ఉండేవి. కాబట్టి రాతిమీద చీమల కోసం వెతికాను. నవ్వండి, నేనేం అనుకోను.

వెనకగోడకు మాత్రం గుండ్రటి పెద్ద పలక ఒకటి ఆనించి ఉంది. మేం పశులకాపర్లం దాన్ని రాకాసి తిరగలి అనేవాళ్ళం. దాని నిండా నాచుపట్టిన వంకరటింకర గాట్లు.

"కక్కు అరిగిపోయిందండి సత్తియ్యగారూ" అన్నాడు వీరాసామి. "ఎవడో చేతకానోడు కొట్టాడండి. ఓ గాటు పైకి, ఓ గాటు కిందకి. నేనిలా కొడితే మా ఆడది అన్నం పెట్టదండి."

"దొర చూస్తే మన ఊళ్ళో పనోడే లేడనుకుంటాడు. కొట్టెయ్యి."

"అంతానాండి?"

"సగం గీసిన గడ్డంలా వదిలేస్తావేంటి? అంతా కొట్టు!"

పొద్దు వాలేదాకా కొట్టాడు. నేను కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పెళ్ళికూతుర్ని చేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అందరూ ఎరిగిందే. శాసనం మీద ఉలిపోటు మాత్రం నేను కనిపెట్టిందే.

మర్నాడు దొర గుర్రం మీద, పంతులుగారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. దొర పలకను నిమిరి, వేళ్ళకంటిన పొడి చూసుకున్నాడు.

"ఇది నిన్న కొట్టినట్టుందే?"

"చిత్తమండి! మా వీరాసామి పనండి. కందులేస్తే ఇట్టే బద్దలైపోతాయండి."

వీరాసామి వినయంగా వంగాడు. పంతులుగారు మాత్రం రాతిముందు కూలబడ్డారు.

"దీనిమీద ఏముండేదిరా?"

"పాత కక్కండి. అడ్డదిడ్డంగా ఉంటే నేనే తీయించేశాను."

"అక్షరాలురా అవి, వెధవా! రాజు చెక్కించిన అక్షరాలు!"

"అక్షరాలు నల్లగా కదండీ ఉంటాయి?"

ఈ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ ముసుగు తన్నేస్తాను.

దొర మంచివాడే. మోకాళ్ళమీద కూర్చుని, మట్టిలో దిగబడిన అడుగు అంచు తవ్వాడు. ఉలి తగలని వరస ఒకటి బయటపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పంతులుగారు వేలు పెట్టి చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

"బీడు మాదేనని ఉందాండి?" అన్నాను.

"బీడు సంగతి పైనుండేది. అది నువ్వు తీయించావు. ఇది ఆఖరి మాట." నా మొహంకేసి చూస్తూ చదివారు: "ఈ శాసనం చెరిపినవాడు పెంటలో పురుగై పుడతాడు."

దొర గడియారం చూసుకున్నాడు. "పైది లేకపోతే నేనేం చెయ్యలేను" అని గుర్రమెక్కాడు.

ఆ ఎండాకాలానికే అడవి మూసేశారు. మళ్ళీ ఎండాకాలానికి ఊళ్ళో మందలన్నీ సంతకు నడిచాయి. జనం నన్ను పురుగుగారూ అని పిలిచేవారు, గారు మాత్రం మానలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత మిషన్ బడి పంతులు దగ్గర ఇసుకలో ఓనమాలు దిద్దుతూ 'క' దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ గాటును నేనెరుగుదును. వీరాసామి ఉలికి నేనే చూపించాను.

కాబట్టి గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ రాయినీ చదవందే కడగను. వచ్చే జన్మ సంగతి బెంగలేదు, పెంటలో రాళ్ళు తక్కువ.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: మాకెవరికీ నోరు తిరగని పేరున్న దొర, కరణం సుబ్బరాయుడు పంతులుగారు, వడ్డెర వీరాసామి, నేను సత్తియ్య. మండపం చుట్టూ మేస్తున్న మా ఆవులు గౌరి, లచ్చి, నల్లది, కొమ్ము విరిగిన సీత, చూలుతో ఉన్న రాములమ్మ.