ఇరవై నాలుగో పేరు

మా ఇంటికీ తెలుగు బడికీ మధ్య ఒక్క గోడే. మేడ గది కిటికీ తీస్తే బడి వాకిలంతా కనిపిస్తుంది. బడి మూతపడి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు, పంతుళ్లు లేరు, గేటుకు తాళం మాత్రం ఉంది. బరంపురంలో అలాంటి బడులు ఇంకా ఉన్నాయి. నేను ఒక్కర్తినే ఉంటాను కాబట్టి, దేవుడి దగ్గర దీపం పెట్టి వంట ముగించాక మిగిలిన పొద్దంతా ఆ కిటికీ దగ్గరే గడుస్తుంది.

కిందటేడు దసరా వెళ్లాక ఒక ఉదయం, భుజాన కెమెరా సంచీతో ఒక అమ్మాయి ఆ తాళాన్ని చూస్తూ నిల్చుంది. కిందికి దిగి మంచినీళ్లిచ్చాను. ఖల్లికోట పిల్ల. ఒడియా వాళ్లే అయినా తెలుగువాళ్ల ఇళ్ల మధ్య పెరిగిందట, మాట బాగానే వచ్చు. నన్ను మౌసీ అని, వాళ్ల మాటలో పిన్నీ అని పిలిచింది.

గంజాం జిల్లాలో మూతపడిన తెలుగు బడులను వరసగా ఫొటోలు తీస్తున్నానంది. ఊరికే గోడల్ని తీయదు. ఒక పాత క్లాసు ఫొటో సంపాదించి, అందులో ఉన్నవాళ్లను వెతికి పిలుస్తుంది. చిన్నప్పుడు ఎవరెక్కడ నిల్చున్నారో ఇప్పుడూ అక్కడే నిల్చోవాలి. రానివాళ్ల చోటు ఖాళీగా ఉంచుతుంది, పక్కవాళ్లను దగ్గరకు జరగనివ్వదు. అప్పుడు హాజరు పిలుస్తుంది. జవాబు రాని పేరు దగ్గర కాసేపు ఆగుతుంది. ఆ ఆగినప్పుడే కెమెరా మీట నొక్కుతుంది.

తీసినవి కొన్ని చూపించింది. ఒక పల్లెటూరి బడికి ఇద్దరే వచ్చారట. పాత ఫొటోలో ముప్పై మంది పైనే ఉన్నారు. కొత్త ఫొటోలో ఒక ముసలాయన ఎడమ కొసన, ఇంకొకాయన వెనక వరస కుడి పక్కన. మధ్యలో వట్టి గోడ. ఆ గోడను చాలాసేపు చూడలేకపోయాను.

మా బడి ఫొటో కూడా ఆమె దగ్గర ఉంది. ఏడో తరగతి ఆడపిల్లలు, ఇరవై ముగ్గురు. ఆ ఫొటో తీసిన రోజు నాకు బాగా జ్ఞాపకం. కెమెరా ఆయన వస్తున్నాడని తెలిసి మా మేనత్త నాకు జడ వేసి కనకాంబరాలు పెట్టింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని కదలకుండా నిల్చున్నాను. ఆ ఫొటోలో ఓ మూల నేనూ పడి ఉంటానని ఇన్నేళ్లూ నమ్ముకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల తన కంప్యూటర్లో దాన్ని పెద్దది చేసి చూపించింది. మా గోడ ఉంది, గోడకు కొట్టిన సున్నం ఉంది. కిటికీ దాకా రాకముందే ఫొటో అంచు వచ్చేసింది.

"మీరూ ఇక్కడే సదివేరా మౌసీ?" అని అడిగింది.

"ఈ గోడ పక్కనే పెరిగేను," అన్నాను.

అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆరో ఏట నా గుండెకు జబ్బు చేసింది. పరుగులు కూడదు, బడి కూడదు అన్నారు డాక్టరుగారు. గాలి తగులుతుందని మేడ గదిలో మంచం వేశారు. మేనత్త చేటలో బియ్యం పరిచి నా వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. నాన్నకు బడా బజార్లో పసుపు, చింతపండు కొట్టు. పొట్లాలు కట్టే కాగితాల్లో తెలుగువి ఏరి తెచ్చేవారు, అవే నా వాచకాలు. ఆ ఫొటోలో రెండో వరస చివర నిల్చున్న అమ్మాయి, తను చదివేసిన పుస్తకాలు గోడ మీంచి అందించేది. దేవుడు నాకు తక్కువ చేశాడని నేనెప్పుడూ అనుకోలేదు. క్లాసు ఫొటో ఒక్కటే లేదు.

మా బడి హాజరు పుస్తకం దొరకలేదంది ఆ పిల్ల, చెదలు తినేశాయట. ఫోన్లు చేస్తే ఒకరికి పది పేర్లు గుర్తున్నాయి, ఒకరికి పన్నెండు. వరస ఎవరికీ తెలియదు.

"నాకు తెలుసు," అన్నాను. రోజూ ప్రార్థన అయ్యాక టీచరు పిలిచేవారు, నేను మంచం మీంచి వినేదాన్ని. కొన్నేళ్ల పాటు విన్నది ఎలా పోతుంది? కాగితం తీసుకుని ఇరవై ముగ్గురి పేర్లూ ఆగకుండా రాశాను. చెయ్యి అక్కడితో ఆగలేదు. ఇరవై నాలుగు అని అంకె వేసి నా పేరు రాశాను.

ఆమె లెక్క చూసుకుని, ఫొటోలో ఇరవై ముగ్గురే ఉన్నారు కదా అంది.

"ఆ రోజు నాకు జ్వరం," అన్నాను.

పాపం నమ్మింది. పర్వాలేదు, చివర్లో నిల్చోండి అంది. ఆ వారమంతా దీపం ముందు కూర్చుంటే కళ్లు మూయలేకపోయాను.

ఆదివారం ఆ అమ్మాయి గేటు తాళం తీయించింది. తొమ్మిది మంది వచ్చారు. అందరికీ అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులు, జుట్టు రంగుల గురించి ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటూ ఎవరి చోటు వాళ్లు వెతుక్కున్నారు. లంజిపల్లి నుంచి ఆటోలో వచ్చినావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఏ బెంచీలో కూకునీదానివే? నాకు గుర్తు రాట్లేదు."

నేను పైట సర్దుకున్నాను.

ఆ అమ్మాయి నా కాగితం చూసి పిలవడం మొదలుపెట్టింది. ప్రెజెంట్ టీచర్ అని నవ్వుతూ అన్నవాళ్లు మూడో ఖాళీ వచ్చేసరికి నవ్వడం మానేశారు. పుస్తకాలు ఇచ్చిన అమ్మాయి పేరు వచ్చింది. తొలి కాన్పులోనే పోయింది ఆమె. ఆ పేరు దగ్గర కెమెరా పిల్ల ఎంతసేపు ఆగిందో, గోడ మీద ఉడుత పరుగు కూడా వినిపించింది. చివరికి నా పేరు. నాలుక లేవలేదు. రానివాళ్లకు ఆగినట్టే నాకూ ఆగి, మీట నొక్కింది.

అప్పుడు వరసలోంచి బయటికి వచ్చాను.

"నేనీ బడిలో సదవలేదమ్మా. ఆ కిటికీలోంచి విన్నాను. ఆ పేరు నేనే ఎక్కించుకున్నాను. దాన్ని కొట్టీ."

లంజిపల్లి ఆవిడే ముందుగా తేరుకుంది. "అదేటే, నాకు మతిమరుపొచ్చీసిందని ఇందాకట్నుంచి బెంగెట్టుకుని సస్తన్నాను," అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. తలెత్తి మా కిటికీని చూసింది. కాగితం మీద నా పేరు కొట్టేసి, కాగితం నా చేతిలో పెట్టింది.

"మీకు అక్కడికి ఇనిపించింది కదా మౌసీ. ఈసారి అక్కడి నుంచి మీరే పిలవండి."

మెట్లెక్కి వెళ్లాను. చువ్వలు పట్టుకుని గొంతెత్తి మొదటి పేరు పిలిచాను. కింద తొమ్మిది మొహాలూ ఒక్కసారి పైకి తిరిగాయి. కెమెరా వైపు చూడండని ఆమె చెప్పలేదు. ఖాళీల దగ్గర నేను ఆగాను, ఆమె నొక్కింది. ఇరవై మూడో పేరుతో కాగితం మడిచాను.

ఈ ఏడాది ఆ ఫొటోలన్నీ మా ఊళ్లోనే ఒక హాల్లో పెట్టారు. ఆటోలో ఒక్కదాన్నే వెళ్లాను. మిగతా బడుల వాళ్లంతా కెమెరాను చూస్తున్నారు. మా బడివాళ్లు మాత్రం మెడలెత్తి ఓ పక్కకు చూస్తున్నారు. వాళ్లు చూసేవైపు మా గోడ, దాని సున్నం. ఈసారి కూడా కిటికీకి ముందే ఫొటో అయిపోయింది.

నా పక్కన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిల్చున్నారు. "ఏటి సూస్తన్నారే వీళ్లంతా?" అంది ఒకామె. "ఎవరో పిలస్తన్నట్టున్నారు," అంది రెండో ఆమె.

చెప్పాలనిపించింది, చెప్పలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని దీపం పెట్టాను. చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చోగలిగాను. తరవాత మేడ మీదికి వెళ్లి కిటికీ తీశాను. వాకిట్లో ఎవరూ లేరు.