జీపుకు కట్టిన కంకణం

మొన్న మా బావగారి మనవడు కొత్త జీపు కొని ఇంటికి తెచ్చాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే బండి అట. నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు, ఇంటిల్లిపాదీ వాకిట్లో చేరి మురిసిపోయారు. నాకూ సంతోషమే అయింది, కాదని ఎందుకంటాను? అంతలో గుంపులోంచి ఎవరో, "మన చిన్నతాత లెక్క ఇర్గ్గొట్టకు బిడ్డా!" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఆ చిన్నతాత నా పెనిమిటి. ఆయనను కళ్లతో చూడని పిల్లలు కూడా నవ్వారు. చేతిలోని చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టేసి, ఇంటికి వచ్చేశాను.

ఆ మాట నేను కొత్తగా విన్నది కాదు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, చావు ఇంట్లో కూచున్నప్పుడు కూడా, మాటల మధ్య ఖాళీ వస్తే చాలు మా వాళ్లకు ఆ జీపు గుర్తుకొస్తుంది. మోటార్లు బాగుచేసే మిస్త్రీ పని నేర్చానని గొప్పలు పోయి బండిని నాశనం చేసినవాడని ఆయనకు పేరు పడిపోయింది. ఆయన బతికున్నన్నాళ్లూ నన్ను నోరెత్తనివ్వలేదు. పోయాక, పోయినవారి గొడవలు ఇప్పుడెందుకని నేనే ఊరుకున్నాను. ఇక ఊరుకోను. అత్తవారింట్లో మామగారి మాట ఎలా చెల్లేదో నా ఈడు వాళ్లకు నేను విడమరచి చెప్పనక్కర లేదు గనుక, ఆ కాలం చూడని మీకే చెప్పుకుంటాను.

నేను పెద్ద కొడప్‌గల్ నుంచి బాన్సువాడకు కోడలిగా వచ్చేనాటికి నిజాంసాగర్ కాలువ నీళ్లు మా వాళ్ల పొలాలకు పారుతున్నాయి. వరి, చెరుకు ఏపుగా పండుతున్నాయి. మా మామగారికి ఎడ్లంటే ప్రాణం. సంతలో ఎద్దు నడక చూసి దాని గుణం చెప్పగలరని చుట్టుపక్కల పేరు. మర్యాద కొద్దీ గారు అంటున్నాను గానీ, మనసులో ఏనాడూ అనుకోలేదు. నా పెనిమిటి ఆయన రెండో కొడుకు. ఆయనకు ఎడ్ల మీద ధ్యాస లేదు. చిన్నతనంలోనే నిజామాబాదు పోయి ఒక లారీల షెడ్డులో ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాడు. పెళ్లినాటికి తిరిగి వచ్చి, ఇష్టం లేకపోయినా అన్నతో పాటు సేద్యం చూస్తున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పట్టణంలో మిలిటరీ వాళ్లు వాడిన బండ్లు వేలం వేస్తున్నారని తెలిసింది. నస్రుల్లాబాద్ వైపు ఒక పటేలు మోటారు కొన్నాడన్న పంతంతో మా మామగారు జీపు కొనిపించారు. వచ్చిన రోజు దాన్ని చూసి నాకు జాలేసింది. పచ్చరంగు పెచ్చులూడి, ఒక పక్క రేకు సొట్టపోయి, ఏ దేశంలో ఏ బురదలో తిరిగి వచ్చిందో, అలసిపోయిన పశువులా వాకిట్లో నిలబడింది. మా ఆయన మాత్రం దాని చుట్టూ తిరుగుతూ పసిపిల్లవాడిలా నవ్వాడు. పెళ్లయ్యాక ఆయన అంత నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ జీపును ఆయన ఎలా చూసుకున్నాడో చెబితే గాని నా కోపం మీకు అర్థం కాదు. మా దగ్గరిది నల్లరేగడి. వానాకాలంలో చక్రానికి పట్టిన మట్టి ఎండితే రాయి అవుతుంది. పొలం నుంచి వచ్చిన ప్రతిసారీ కింద దూరి, ఇరుసుకు పట్టిన మట్టి చెక్కి, గిరీసు పెట్టి గాని అన్నానికి లేచేవాడు కాదు. వాగు దాటి వచ్చిన రోజు ఇరుసులో నూనె కొంచెం తీసి చూసేవాడు. అది మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరినట్టని, అంతా వంపేసి కొత్తది పోసేవాడు. ముందు చక్రాల దగ్గర దుమ్ము దూరకుండా గుండ్రటి ఉన్ని బిళ్లలు ఉండేవి. అవి చినిగిపోతే ఇక్కడెక్కడ దొరుకుతాయి? కురుమల దగ్గర మంచి గొంగడి కొని, అందులోంచి బిళ్లలు కత్తిరించి, నూనెలో నానబెట్టి బిగించాడు. మిలిటరీ వాళ్ల బిళ్లల కంటే అవే ఎక్కువ కాలం మన్నాయి. విప్పిన సామాన్లు గ్యాస్‌నూనెలో, అదే కిరసనాయిల్లో, కడిగి ఆరబెట్టడం నా పని. నా చేతుల వాసనకు మా తోటికోడలు ముక్కు మూసుకునేది. నాకు ఆ వాసన ఇష్టమని ఆమెతో చెప్పలేదు.

ఒకరోజు మా ఆయన ధైర్యం చేసి తండ్రిని ఒక మాట అడిగాడు. బోధన్ బాట పక్కన మాకు ఉత్తగా పడివున్న జాగా ఒకటి ఉండేది. అక్కడ రేకుల షెడ్డు వేసుకుని మోటార్లు బాగు చేసుకుంటానన్నాడు. అప్పట్లో బాన్సువాడలో అలాంటి షెడ్డు ఒక్కటీ లేదు. మామగారు చాలాసేపు చుట్ట కాల్చి, ఆ ఏటి చెరుకు కోతలు ముగిసేదాకా జీపు ఎక్కడా ఆగకుండా నడిపిస్తే జాగా ఇస్తానని, ఆగిందా, పానాలు, రెంచీలు మూటగట్టి అటక మీద పెట్టి నాగలి పట్టాలని అన్నారు. మా ఆయన ఒప్పుకున్నాడు. ఆ జాగాకు నీళ్లు ఎటు నుంచి తేవాలో, నేను వంట ఎక్కడ చేయాలో కూడా ఇద్దరం అనుకున్నాం. వేరు కాపురం అని పైకి అనలేదు గానీ, ఇద్దరి మనసులోనూ అదే ఉంది.

ఇక్కడి నుంచే వస్తుంది అసలు సంగతి. ఆ జీపులో గేరు కర్ర పక్కన ఇంకొక పొట్టి కర్ర ఉండేది. దాన్ని వెనక్కి లాగితే ముందు చక్రాలు కూడా బండిని లాగుతాయి, ముందుకు తోస్తే వెనక చక్రాలే లాగుతాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. బురదలోనే నాలుగూ కలపాలి, గట్టి బాట మీద విడదీయాలి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం నడవవు. బురదలో అయితే కొంచెం జారి సర్దుకుంటాయి, గట్టి నేల మీద జారే వీలు లేక ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, లోపలి కీళ్లు నలిగిపోతాయి. మా ఆయన చెబితే ఇది నాకు కూడా అర్థమైంది.

మామగారికి మాత్రం అర్థం కాలేదు, కాదు, అర్థం చేసుకోదలచుకోలేదు. ఒకరోజు పక్కన కూచుని పోతూ, కొడుకు ఆ కర్ర ముందుకు తోయడం చూశారు. సంగతి తెలుసుకుని ఇంటికొచ్చి పెద్ద పంచాయతీ పెట్టారు. "నాలుగెడ్లు గట్టి, రొండిట్ని ఉత్తగ నడిపిస్తవార? లాగేటియి సచ్చిపోవా?" అన్నారు. రేగడి దున్నే పెద్ద నాగలికి రెండు జతల ఎడ్లు కట్టిన మనిషి ఆయన. ఒక జత మెడ వంచకుండా నడిస్తే ఇంకో జత గుండె పగులుతుందన్నది ఆయన ఎరిగిన లోకం. ఎడ్ల విషయంలో అది నిజమే. మా ఆయన నెమ్మదిగా, "బాపూ, ఇది ఎడ్ల లెక్క కాదే," అని ఏదో చెప్పబోయాడు. "నాకే సెప్తవా?" అని ఆయన లేచి నిలబడ్డారు. అత్త తల దించుకుంది. తమ్ముడి మాటే నిజమని బావగారికి తెలుసు, ఆయనా తల దించుకున్నాడు.

అయినా తండ్రి పక్కన లేనప్పుడు మా ఆయన ఆ కర్రను ముందుకే తోసి నడిపేవాడు. ఆ సంగతి మామగారు ఎలాగో పసిగట్టారు. ఇంతలో దసరా వచ్చింది. నాగలికి, బండికి, కొడవళ్లకు పూజ చేసి పసుపుదారంతో కంకణాలు కట్టడం మా ఇంటి ఆచారం. ఆ కంకణం దానంతట అది చీకి రాలిపోవాల్సిందే గాని తెంపకూడదు. తెంపితే ఇంటి పెద్దకు కీడు అని మా వాళ్ల నమ్మకం. ఆ ఏడు మామగారు జీపు దగ్గరికి వచ్చి, ఆ పొట్టి కర్రను తన చేత్తో వెనక్కి లాగి, దాన్ని సీటు కింది కడ్డీకి కలిపి కంకణం కట్టారు. ఒక పోగు కాదు, తాడంత మందాన పేనించి, పసుపు పట్టించి, గట్టిగా ముడివేశారు. "ఇగ ఎట్ల ఇడిపిస్తవో సూస్త," అన్నట్టు కొడుకు వంక చూసి నవ్వారు. దేవుడి పేరు మీద ఎంత మొండితనం చేయవచ్చో నేను ఆ రోజు కళ్లారా చూశాను.

చెరుకు కోతలు మొదలయ్యాయి. రోజూ పొలానికి, చక్కెర కార్ఖానాకు తిరుగుడు. వానలు వెనకపట్టి బాట కంకర తేలి గట్టిపడింది. కొత్తగా వేసిన టైర్లు రోకటి బండలా నున్నగా అరిగిపోయాయి. మలుపు తిప్పితే స్టీరింగు చక్రం తిరగక ఆయన భుజాలు నొప్పెట్టేవి, రాత్రి నూనె రాసేదాన్ని. ముందు ఇరుసులోంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వంటింట్లో కూచున్న నాకు వినిపించేది, పక్కనే కూచున్న మామగారికి వినిపించలేదట.

ఒక మధ్యాహ్నం జీపు వాకిట్లో ఉన్నప్పుడు నేను కొడవలి తీసుకుని వెళ్లాను. కీడు, గీడు అన్నీ నా మీదే పడనీ అనుకున్నాను. దారం మీద కొడవలి ఆన్చేలోపే అత్త పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీ మామ పానం మీదికి తెస్తవా పిల్లా? నా పుస్తె తెంపుతవా?" అని ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ ముసలామె భయం నిజమైనది. ఆ భయాన్ని తాడుగా పేనిన మనిషి మీద వచ్చింది కోపం. మా ఆయన బయటి నుంచి వచ్చి, కొడవలి నా చేతిలోంచి తీసుకుని చూరులో చెక్కాడు.

కోతలు ఇంకా సగం కూడా కాలేదు. కార్ఖానా గేటు ముందు చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నప్పుడు, ఊరూరి రైతులు చూస్తుండగా, జీపు పక్కకు తిరగబోయి ఠప్పుమని ఆగిపోయింది. ముందు చక్రం దగ్గరి కీలు విరిగింది. మామగారు కిందికి దిగి, అందరి ముందూ కొడుకును నానా మాటలూ అన్నారు. "మిస్త్రీనన్నడు! మిస్త్రీ! బండి ఇర్గ్గొట్టిండు సూడుండ్రి," అని వచ్చేపోయేవాళ్లకు చూపించారట. తెలిసినవాళ్ల ఎడ్లబండి ఎక్కి ఇంటికి వచ్చేశారు. ఇవన్నీ నాకు తర్వాత మా జీతగాడు చెప్పాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా జీపు చప్పుడు వినబడింది. నేను నమ్మలేక వాకిట్లోకి పరుగెత్తాను. మా ఆయన అక్కడే రోడ్డు పక్కన చక్రం విప్పి, విరిగిన ముక్కలు ఏరి తీసేసి, ముందు ఇరుసుకు తిప్పుడు అందించే పొడుగు కడ్డీని ఊడదీసి వెనక వేసుకుని, వెనక చక్రాల మీదే బండిని ఇంటికి నడుపుకొచ్చాడు. కంకణం కట్టిన కర్ర కట్టినట్టే ఉంది, దారాన్ని ఆయన ముట్టలేదు. రెండు చక్రాల లాగుడుతో అంత దూరం ఏ చప్పుడూ లేకుండా వచ్చింది బండి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇప్పుడైనా మామగారు ఒక మాట అంటారని, అనకపోయినా చూసి ఊరుకుంటారని నేను ఆశపడ్డాను.

ఆయన అరుగు మీది నుంచి లేవకుండా, "సూసిన్రా? మనసు వెడ్తే నడుస్తది. ఇన్నొద్దులు కావాల్నని సతాయించిండు," అన్నారు.

నా చెవులారా విన్నాను. మా ఆయన తండ్రి వంక ఒకసారి చూసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. మరునాడు పానాలన్నీ ఒక గోనెసంచిలో మూటగట్టి అటక మీద పెట్టాడు. బాట పక్కన జాగా బావగారి దుకాణానికి పోయింది. జీపు అచ్చిరాలేదని ఇంట్లో తేల్చారు. అది గొడ్ల కొట్టంలో కోళ్లకు గూడయింది. కొన్నాళ్లకు మామగారు దాని చక్రాలు తీయించి ఎడ్లబండికి వేయించారు. మెత్తగా నడుస్తుందని అందరికీ చెప్పుకున్నారు. మా ఆయన బతుకంతా నాగలే పట్టాడు. సేద్యం చెడగొట్టలేదు, బాగానే చేశాడు, కాని ఏ పంట చూసీ ఆ జీపును చూసి నవ్వినట్టు నవ్వలేదు.

ఇప్పుడు బాన్సువాడలో బస్సు దిగితే ఆ బోధన్ బాట పొడుగునా మెకానిక్ షెడ్లే. ఆటోలవి, ట్రాక్టర్లవి, మోటారు సైకిళ్లవి. మొదటి షెడ్డు మాది కావలసింది. బస్సులో అటు పోయినప్పుడల్లా మా ఆయన చేతిసంచిలో ఏదో వెతుక్కుంటూ తల వంచుకునేవాడు. సంచిలో ఏమీ ఉండేది కాదు, నాకు తెలుసు.

నిన్న మా ఇంట్లో ట్రాక్టరు దగ్గర నా కొడుకు, మనవడు ఏదో వాదులాడుకుంటున్నారు. ఇంజనుకు నూనె ఎప్పుడు మార్చాలన్న గొడవ. మనవడు ఉన్నట్టుండి, "నీకు తెల్వదు నానా, నువ్వు ఊకో," అనేశాడు. నా కొడుకు ముఖం ఎర్రబడింది. చూసినవా అమ్మా, పెద్దా చిన్నా లేదు, నువ్వన్న చెప్పు వీనికి అని నా దగ్గరికి వచ్చాడు. అలవాటు కొద్దీ నాకూ ముందు కోపమే వచ్చింది, మందలించడానికి నోరు తెరిచాను. అప్పుడు ఆ జీపు గుర్తుకొచ్చింది. మా ఇంట్లో ఒక కొడుకు తండ్రితో ఆ ముక్క అనడం నేను వినడం అదే మొదటిసారి. వాడి మాట సబబైతే విను అని మాత్రం చెప్పాను. నా కొడుకు అలిగి అన్నం తినకుండా పోయాడు. పోనీ, ఆకలైతే వాడే వస్తాడు. నేను మాత్రం లోపలికి వచ్చి, ఒంటరిగా కూచుని, మా ఆయన కోసం చాలాసేపు ఏడ్చాను.