కరెంటు పోయినప్పుడల్లా ఒక తలుపు

ధర్మవరంలో మా నాయనకు పట్టుచీరల అంగడి. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు, సందు చివరిదాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోయి లాగుతాడు. చిన్నప్పటి నుంచీ నాకదొక ఎగతాళి.

నేను ఇంట్లో కూర్చుని ఒక కంపెనీ వాళ్ళ క్లౌడ్ సర్వర్‌కు కాపలా. కొత్త ఉద్యోగం, ఖాయం చేస్తారో లేదో ఆ వారమే తేలాలి. మేనేజరు ఫోన్ చేసి సర్వర్‌లోకి ఎన్ని దారులు తెరిచి ఉన్నాయని అడిగారు. "నాలుగే సార్" అన్నాను, చూడకుండానే. మధ్యాహ్నానికల్లా జాబితా పంపమన్నారు.

ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే ఫైర్‌వాల్ నియమాలన్నీ వరసగా చూపించే చిన్న షెల్ స్క్రిప్టు రాసి ఎంటర్ కొట్టాను. ముప్పై ఏడు దారులు వచ్చాయి! ఎవడో దొంగ దూరాడని గుండె గుభేలుమంది. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వివరణలున్నాయి: "కరెంటు పోయింది." "మళ్ళీ పోయింది." "అన్నం తింటుంటే పోయింది." "దీని దుంపతెగ."

ఆ దొంగ నేనే. కరెంటు పోయి వచ్చిందంటే మా ఇంటి ఇంటర్నెట్ చిరునామా మారిపోతుంది, సర్వర్ నన్ను గుర్తుపట్టదు. మారినప్పుడల్లా క్లౌడ్ వాళ్ళ వెబ్‌సైటులోంచి నాకోసం కొత్త తలుపు తీశాను, పాతది మూసిన పాపాన పోలేదు. ఉద్యోగం పోతుందని భయపడాల్సిన సమయంలో పగలబడి నవ్వాను.

టిఫినుకు వచ్చిన నాయన, "ఏం పాపా, ఒక్కదానివే నగుతాండావు?" అన్నాడు. చెప్పాను.

"తీసేది వచ్చినోళ్ళకి మూసేది రాకపోతే ఎట్ల?"

ముప్పై మూడు మూసేశాను. స్క్రిప్టు, మూయకముందు జాబితా, మూశాక జాబితా, చూడకుండా చెప్పిన నా తప్పు, అన్నీ తిట్లతో సహా పంపాను. కాసేపటికి జవాబు: "స్క్రిప్టు బాగుంది. సోమవారం నుంచి మిగతా సర్వర్లు కూడా మీరే చూడండి."

కుర్చీలోంచి గంతేశాను. అంతలో ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు వచ్చాక ముందు పాత తలుపు మూసి, తర్వాత కొత్తది తీశాను. స్క్రిప్టు నడిపాను. నాలుగు. ఎందుకైనా మంచిదని మళ్ళీ నడిపాను. నాలుగు. మూడోసారి కూడా నడిపాను.

గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇదంతా చూస్తున్న నాయన అన్నాడు: "సందు చివరిదాకా పోయొచ్చి ఇంగోతూరి లాగి చూడు."