అందరి ఎడ్లకూ ఫస్టొచ్చిన రోజు

పల్నాట్లో కోడి వల్ల ఒక యుద్ధం జరిగిందని లోకమంతటికీ తెలుసు. ఎడ్ల వల్ల ఇంకొకటి జరగబోయి వెంట్రుకవాసిలో తప్పిపోయిందని మాత్రం ఎవరూ రాయలేదు. అందుకే నేనే రాస్తున్నాను. కత్తి పట్టకుండా, గుర్రం ఎక్కకుండా, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ యుద్ధానికి ముహూర్తం పెట్టిన మహావీరుణ్ణి నేనే.

అప్పటికి నా తల మీద జుట్టు ఉండేది. తల లోపల ఉండాల్సింది ఇంకా రాలేదు. నరసరావుపేటలో నెట్ సెంటర్ నడుపుతూ, తీరిక వేళల్లో రెండు వెబ్‌సైట్లు చేసి పడేశాను. దాంతో చుట్టాల దృష్టిలో ఇంటర్నెట్‌ని కనిపెట్టింది నేనే. ఆ మాట వాళ్లు అన్నప్పుడల్లా నేను కాదనేవాణ్ణి కాదు. చిన్నగా దగ్గేవాణ్ణి.

మా కోటయ్య మామ మా అమ్మకు స్వయానా తమ్ముడు. ఎడ్ల పందేలంటే ఆయనకు ప్రాణం. పందెం అంటే పరుగు కాదండోయ్, బండ లాగుడు. ఇల్లంత రాతిబండను ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. మామ ఎడ్లు ఏనుగుల్లా ఉండేవి. ఏనుగుల్లాగే తినేవి కూడా. కానీ ఏ తిరునాళ్లకు వెళ్లినా రెండో స్థానమే. మామ ఇంట్లో సెకండ్ ప్రైజు షీల్డులు ఎన్నంటే, కోళ్ల గంపల మీద మూతలకు కూడా అవే.

ఆ ఏడు అంకమ్మత్త తెగేసి చెప్పింది.

"ఇదిగో, ఈసారన్నా ఫస్టు రాకపోతే ఎడ్లను సంతకు తోలిచ్చి గేదెల్ని తెస్తా. గేదె సెకండొచ్చినా పాలిస్తది."

మామ ముఖం అక్కడికక్కడే వాడిపోయింది. అత్త మాటంటే మాటే. ఆమె అమ్మేస్తానంటే, ఎద్దు కాదు, మామే సంతలో తాడుతో నిలబడాల్సి వస్తుంది.

సరిగ్గా ఆ ఏడే మామ ఊరి తిరునాళ్లకు పెద్ద పందెం పెట్టారు. కమిటీలో మామ ఉన్నాడు. పందెం ఫలితాలు ఎప్పటికప్పుడు చూపించే వెబ్‌సైట్ ఒకటి కావాలన్నారు. "మా అల్లుడున్నాడుగా!" అన్నాడు మామ. నేను దగ్గాను.

సైటు పెట్టాను. ఎడ్ల జతలకు ఫొటోల పేజీ వేరు, యజమానుల పేజీ వేరు. యజమాని తన పాస్‌వర్డ్ కొట్టి లోపలికొస్తే అతని జత ఏ స్థానంలో ఉందో చూపించాలి. మొదట్లో ఆ పేజీ మీద యజమాని పేరు కూడా వేశాను. ఒకాయన తన పేరుకు 'గారు' లేదన్నాడు. ఇంకొకాయన పక్కవాడి పేరుకు 'గారు' ఎందుకుందన్నాడు. విసుగొచ్చి పేర్లన్నీ పీకేసి "యజమాని గారికి నమస్కారం" అని అందరికీ ఒకటే మాట పెట్టాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను తవ్విన గోతికి కొబ్బరికాయ కొట్టింది ఇక్కడే.

ఇక పాస్‌వర్డ్ సంగతి. యజమానికొక్కడికే ఇచ్చాను. ఆయన ఊరందరికీ ఇచ్చాడు. మన ఎడ్లు, మన పాస్‌వర్డ్, దాచుకోవడానికి మనమేమన్నా పరాయివాళ్లమా? పెదకూరపాడు వైపు ఒక ఊళ్లోనైతే పాలకేంద్రం గోడ మీద బొగ్గుతో రాశారట.

పందెం రోజు పొద్దున్నే చీటీ తీస్తే మామ జతదే తొలి వంతు. ఎడ్లు బరిలో దిగాయి, బండ కదిలింది, జనం ఈలలు వేశారు. సరిగ్గా అప్పుడే సైటు ఆగింది.

ఎందుకు ఆగదు? అది చూపించే మిషను, అంటే సర్వర్, నేను అద్దెకు తీసుకున్న వాటిలోకెల్లా చిన్నది. దాని మెమరీ మా మామ ఎడ్ల మెమరీ కంటే తక్కువ. ఒక్కొక్క మనిషి పేజీ తెరిచినప్పుడల్లా అది ఒక్కొక్క వంటవాణ్ణి పిలిచి, ఒక్కొక్క పొయ్యి వెలిగించి, పప్పు నానబెట్టే దగ్గర్నుంచి మొదలుపెట్టేది. పల్నాడు మొత్తం ఒకేసారి విస్తళ్ల ముందు కూర్చుంటే ఇంకేముంది? వంటవాళ్లతో వంటగది నిండిపోయి ఊపిరాడక పడిపోయింది. లోడు చూపించే అంకె మాచర్ల ఎండలా పైకి పోతూనే ఉంది.

మామ చెమటతో, దుమ్ముతో పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ అల్లుడూ, మీ అత్త ఫోన్ చేసింది. ఏదో గుండ్రంగా తిరుగుతానే ఉందంట. ఏందిరా అది?"

"లోడింగ్ మామా."

"లోడింగ్ ఏంది? మనం లాగేసి వచ్చినాం, నీదింకా లోడింగేనా?"

పక్కనే మైక్ సెట్ కరీముల్లా తన మిషన్ల మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు. ఊళ్లో ఏ పెళ్లికైనా, చావుకైనా, ఎన్నికలకైనా మైకు అతనిదే.

"భాయ్, నా యాంప్లిఫయర్ వేడెక్కితే తడిగుడ్డ కప్పుతా. నీదానికి కప్పరాదూ?"

"అది ఇక్కడ లేదు భాయ్. ముంబయిలో ఉంది."

"ముంబయిలో ఉన్నదానికి మన ఎడ్లెట్టా తెలిసినై?"

నేను ల్యాప్‌టాప్ వైపు తిరిగాను.

ముందు సర్వర్‌ని ఆపి మళ్లీ లేపాను. తలుపు తీయగానే పండగ బస్సు మీద పడ్డట్టు జనం పడ్డారు. మళ్లీ పడుకుంది. అప్పుడు ఫొటోలు బరువుగా ఉన్నాయని తోచి అన్నిటినీ చిన్నవి చేశాను. రెండు నిమిషాలు కాలేదు, ఈపూరు సాంబిరెడ్డి నా మీదకొచ్చి నిలబడ్డాడు. ఆయన జత మామ జతకు పాత శత్రువు. మామ సెకండ్ల వెనకాల ఫస్టులన్నీ ఆయనవే.

"ఏందయ్యా, నా ఎద్దును మేకపిల్లను చేశావ్?"

"ఫొటోనే రెడ్డిగారూ, చిన్నది చేస్తే తొందరగా..."

"పళ్లు కనపడాలయ్యా! ఇది ఆరు పళ్లదని పదిమందీ లెక్కపెట్టుకోవాలా వద్దా? రేపు ఎవడన్నా ముసలెద్దంటే నువ్వొచ్చి నోరు తెరిచి చూపిస్తావా?"

ఎడ్ల పందెంలో విభాగాలు పళ్లను బట్టే. పళ్లు కనపడని ఫొటో, ముఖం లేని ఆధార్ కార్డు రెండూ ఒకటే. నోరు మూసుకుని ఎడ్ల నోళ్లన్నీ మళ్లీ పెద్దవి చేశాను.

అప్పుడు మెరిసిందండీ నా బుర్రలో ఒక మెరుపు. పిడుగుకు ముందు వచ్చేది కూడా మెరుపేనని ఆ వయసులో తెలియదు.

క్యాషింగ్ అని ఒక ఉపాయం ఉంది. వచ్చిన ప్రతివాడికీ కొత్తగా వండకుండా, ఒకసారి వండిన పేజీని గంగాళంలో పెట్టుకుని అందరికీ అదే వడ్డించడం. మంచి ఉపాయమే. కానీ దానికొక నియమం ఉంది. పాస్‌వర్డ్‌తో వచ్చినవాడి పేజీ వాడి సొంత క్యారేజీ. దాన్ని గంగాళంలో పొయ్యకూడదు. ఆ నియమం తెర మీద ఎదురుగానే ఉంది. పక్కన చిన్న టిక్కు కూడా ఉంది. ఊరూరూ పాస్‌వర్డ్‌తోనే వస్తున్నప్పుడు దీన్ని వదిలేస్తే ఏం లాభం అనుకుని ఆ టిక్కు తీసేశాను. సాయంత్రం దాకా గంగాళం మార్చొద్దని కూడా చెప్పాను. పనిచేస్తుందో లేదో చూద్దామని మామ పాస్‌వర్డ్ కొట్టి పేజీ తెరిచాను.

"యజమాని గారికి నమస్కారం. మీ జత ప్రస్తుతం మొదటి స్థానంలో ఉంది."

అప్పటికి బరిలో లాగింది మామ జత ఒక్కటే. ఒక్కటే పరిగెత్తితే కుంటి గాడిదైనా ఫస్టే. ఆ పేజీ గంగాళంలో పడింది. లోడు అంకె దబ్బున కింద పడింది. సర్వర్ మధ్యాహ్నం భోజనం చేసిన గుమాస్తాలా హాయిగా కునుకు తీసింది. నేను కుర్చీలో వెనక్కి వాలి కరీముల్లా టీ లాక్కుని తాగాను.

"చూశావా భాయ్, ఇదీ చదువంటే!"

ఆ టీ గొంతులో ఉండగానే దూరంగా టపాకాయలు పేలాయి.

"ఎవరిదో పెళ్లి" అన్నాను.

ఇంకో దిక్కున పేలాయి. తర్వాత ఇంకో దిక్కున.

"ఒకే రోజు ఇన్ని పెళ్లిళ్లా? ఇది శూన్యమాసం గదా భాయ్" అన్నాడు కరీముల్లా.

పెదకూరపాడు వైపు నుంచి వచ్చిన యజమాని ఫోన్ పట్టుకుని అయోమయంగా వచ్చాడు. వెనక ఆయన తోడల్లుడు.

"ఏమయ్యా, మా ఎడ్లింకా చెట్టు కింద ఉలవలు తింటన్నై. ఫస్టెట్టా వచ్చినై?"

తోడల్లుడు ఆలోచించి అన్నాడు. "తినేదాంట్లో ఏమో బావా."

అప్పుడు వెలిగింది, నా గంగాళం పల్నాడంతటికీ మామ పేజీనే వడ్డిస్తోందని. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారని మనం నవ్వుతాం. ఇక్కడ ఎద్దు ఈనలేదు, నేనే ఊరూరా పురుడు పోశాను. గంగాళాన్ని బోర్లించేసరికి ఇంకో ముగ్గురు యజమానులు నా చుట్టూ చేరారు.

"నాది ఫస్టు, చూడు."

"నీదేంది, నాది ఫస్టు!"

"ఇద్దరిదీ కాదు, ఇది చదువు!"

ముగ్గురూ ఫోన్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ ఫోన్లు జేబుల్లో పెట్టుకుని నన్ను చూశారు.

ఆలోపు కరీముల్లా మైకులో పిలిచాడు. "ఈపూరు సాంబిరెడ్డి గారి జత బరిలోకి రావలెను! సాంబిరెడ్డి గారి జత!"

రాలేదు. ఎట్లా వస్తుంది? తన ఫోన్లోనూ ఫస్టని చూసి, మిగతా జతలన్నీ తన ఎడ్ల పేరు విని విరమించుకున్నాయనుకుని, ఆయన ఎడ్లను లారీ ఎక్కించి బయల్దేరిపోయాడు. ఎదురు రమ్మని ఊరి నుంచి డీజే బండి కూడా పిలిపించాడట.

మిగిలిన జతలన్నీ లాగాయి. ఒక్కటీ మామ దూరాన్ని దాటలేదు. న్యాయంగా మామ ఫస్టు. జీవితంలో మొదటిసారి! ఆ మాట మైకులో చెప్పబోతుంటే వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"మామకు ఫస్టు రావాలని అల్లుడు సాంబిరెడ్డిని ఇంటికి పంపిచ్చాడు! బాగుందయ్యా ఎత్తు!"

కర్రలు పైకి లేచాయి. ఎడ్లను అదిలించే కర్రలే, కానీ నా వీపు ఆ తేడా తెలుసుకునే స్థితిలో లేదు. మామ మాత్రం కదల్లేదు. కండువా దులుపుకుని ఒకే మాట అన్నాడు.

"సాంబిరెడ్డి ఎడ్లు లాగకుండా వచ్చే ఫస్టు నాకొద్దు. పిలవండి ఆయన్ని."

ఫోన్ చేస్తే డీజే మోతలో ఎవరూ ఎత్తలేదు. చివరికి కరీముల్లా బండి మీద వెనక నేను, నా ఒళ్లో బ్యాటరీ మైకు. వినుకొండ రోడ్డు మీద లారీ కనపడింది. ముందు డీజే, దాని ముందు డాన్సు, లారీలో పూలదండలు, పసుపు కుంకుమలతో పెళ్లికొడుకుల్లా ఎడ్లు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఈపూరు ఊరేగింపు వారికి విజ్ఞప్తి! మీరు ఇంకా గెలవలేదు! దయచేసి వెనక్కి వచ్చి గెలవగలరు!"

డాన్సు ఆగింది. డీజే ఆగలేదు. సాంబిరెడ్డి లారీ దిగి నా దగ్గరకొచ్చాడు.

"ఎవడయ్యా గెలవలేదని చెప్పింది?"

"నేనేనండీ."

"గెలిచామని చెప్పింది?"

"అదీ నేనేనండీ."

ఆయన నన్ను కొట్టకపోవడానికి ఒకటే కారణం. ఎక్కడ మొదలుపెట్టాలో తేలలేదు.

కోటయ్య మామ కబురు చెబితే మాత్రం మెత్తబడ్డాడు. "ఆయన అట్టా అన్నాడా? అయితే వస్తన్నా పద" అన్నాడు. దండలతోనే ఎడ్లు బరిలో దిగాయి. అప్పటికే గెలిచామన్న ధీమా వాటికి ఉందో ఏమో, బండను ఊరేగింపులో పల్లకిలా లాక్కుపోయాయి. మామ సెకండు.

జనం వెళ్లిపోయాక మామ షామియానా గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడ్ల తలలు రెండూ ఆయన ఒళ్లోనే ఉన్నాయి.

"ఒరేయ్ అల్లుడూ."

"తప్పయిపోయింది మామా."

"అది కాదురా. పొద్దున పేజీ... మీ అత్త ఫోన్లో ఇంకా ఉంటదా?"

"తీసేశాను మామా. అందరికీ సరిచేశాను."

మామ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ ఒక్క ఫోన్లో సరిచెయ్యమాక."

తప్పును సరిదిద్దడానికి ఒక్క నొక్కు చాలింది. అదే తప్పును ఒక్క ఫోనుకు మాత్రం పదిలంగా అమర్చడానికి నా విద్యంతా ఖర్చయింది. ఇంటికెళ్లేసరికి అత్త హారతి పళ్లెంతో గుమ్మంలో ఉంది. ఎడ్లకు బొట్లు పెట్టింది, మామకు దిష్టి తీసింది. మామ నేలచూపులు చూస్తూ ఎడ్లను కట్టేయడానికి దొడ్లోకి పోయాడు. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి గారెలు పెట్టింది.

"సెకండంట గదరా" అంది మెల్లగా.

నోటి దాకా తెచ్చిన గారెను దించాను. "ఎవరు చెప్పారత్తా?"

"ఊరంతా చెప్పారు. నాకు తెలుసని మీ మామకు చెప్పమాక."

"మరి ఎడ్లు... సంతకు..."

"నీకేమన్నా పిచ్చా? ఎడ్లు పోతే ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే కూర్చుంటడు. అంత లోడు నేను మొయ్యలేను. ఆ పేజీ అట్టానే ఉంచు."

మిగిలిన గారె చేతిలో పట్టుకుని, దొడ్లో ఎడ్ల సాక్షిగా, ఆ పూటే ప్రమాణం చేశాను. ఇకమీదట ఒకరి పేజీని ఇంకొకరికి వడ్డించను. ఎదురుగా ఉన్న టిక్కును తీసెయ్యను. సర్వర్ మోకాళ్ల మీద పడినా, మెమరీ చాలక సన్యాసం పుచ్చుకున్నా, ఎవరి వంట వాళ్లకే వండిస్తాను. ఆ మాట ఈనాటికీ తప్పలేదు, అత్త ఫోను విషయంలో తప్ప. అందులో మా మామ ఎడ్లకు ఏటా ఫస్టే వస్తోంది.