పడెయ్యడం నేర్పే నాగవల్లి

విజయవాడలో ఆడవాళ్ళ జిమ్ అంటే ఏసీ గది, నిలువుటద్దాలు, పాటలు ఉంటాయనుకుని వచ్చేవాళ్ళు నాగవల్లి షెడ్డు చూసి గుమ్మంలోనే ఆగిపోతారు. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే బసవయ్య వర్క్‌షాపు పక్కన రేకుల షెడ్డు అది. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ బరువులెత్తే ఆడవాళ్ళ బ్యాచి నడుస్తుంది. చివరి అరగంట బసవయ్య మనుషుల సుత్తి దెబ్బల్లో మనిషి మాట మనిషికి వినపడదు. నాగవల్లి కోరి ఇక్కడికి వచ్చింది. ఊళ్ళో రెండు చోట్ల ఇంటివాళ్ళు ఖాళీ చేయించారు మరి. పైన దభీమన్నప్పుడల్లా కింద వాటావాళ్ళ గుండె జారిపోయేదట. పాపం, వాళ్ళననడానికీ లేదు. కానీ చప్పుడు లేకుండా పాఠం చెప్పమంటే నాగవల్లి వల్ల కాదు.

"ఎత్తడం రేపు. ఇవాళ పడెయ్యడం నేర్చుకోండి," అంటుంది కొత్తవాళ్ళతో. రాడ్డుకు చెరోవైపు తేలికపాటి రబ్బరు ప్లేట్లు, కింద మందపాటి మ్యాట్లు. నడుము దాకా ఎత్తి, వేళ్ళు వదిలేసి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. అంతే. ఇంజనీరింగ్ చదివే పిల్లల నుంచి బ్యాంకు మేనేజర్ల దాకా ఎవరికీ అది మొదటిసారి రాదు. వంటింట్లో గిన్నె చప్పుడైతే "ఏంటా మోత" అనిపించుకున్న ప్రాణాలు కదా, వంగి వంగి మెల్లగా దించుతారు. నాగవల్లి ఒప్పుకోదు. మోయలేననిపించిన క్షణాన వదిలెయ్యొచ్చని ఒంటికి తెలిస్తేనే మనసు పెద్ద బరువుకు ధైర్యం చేస్తుందని ఆవిడ నమ్మకం. మైలవరం లెక్కల మాస్టారు శేషగిరిరావుగారి అమ్మాయి ఆవిడ. యూనివర్సిటీ తరఫున పోటీలకు వెళ్ళిన రోజుల్లో, వదలనని మొండికేసి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ ఆ చేత్తో సీసా మూత తియ్యలేదు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి ఒకే ఒక్కరి విషయంలో మొదటి పాఠం ఎగ్గొట్టింది. ఆ ఒక్కరు రావమ్మ.

రావమ్మకు యాభై ఆరేళ్ళు. పటమటలో కర్రీ పాయింట్ పెట్టి పదిహేనేళ్ళయింది. ఆర్నెల్ల క్రితం సాంబారు గుండిగ దించుతుంటే మసిగుడ్డ జారింది. వదిలేస్తే పోయేది సాంబారే. ఆవిడ వదల్లేదు. ఒరిగిపోతున్న గుండిగతో పాటు తానూ మెలి తిరిగి, చుక్క ఒలకకుండా దించి, ఆ తర్వాత నెల రోజులు మంచమెక్కింది. ఇంకోసారి మంచమెక్కితే షాపు మూసెయ్యడమేనని కొడుకు సాత్విక్ ఖండితంగా చెప్పేశాడు. నడుముకు బలం రావాలంటే బరువులెత్తడం నేర్చుకోమని డాక్టరు చెప్పాడని ఇక్కడికి వచ్చింది.

"షాపు మూసి నేనేం చెయ్యనమ్మాయ్? టీవీ ముందు కూచోబెడితే మూణ్ణెల్లు కూడా బతకను," అంది మొదటిరోజే.

రాడ్డుకు కాలు తగిలితే కళ్ళకద్దుకునేది. అయితేనేం, వీపు నిటారుగా పెట్టి, కాళ్ళతో నేలను తన్నిపట్టి ముప్పై కిలోలు ఎత్తేసరికి నాగవల్లి మురిసిపోయింది. గుండిగలు మోసిన చేతులు, ఈవిడకు మళ్ళీ మొదటి పాఠమేంటి అనుకుంది. రావమ్మ రాడ్డును పసిపిల్లను పడుకోబెట్టినట్టు కింద పెడుతుంటే నలుగురికీ చూపించి మెచ్చుకుంది కూడా. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

రెండో నెలలో యాభై కిలోలు వేశారు. రాడ్డు మోకాళ్ళ దాకా వచ్చాక రావమ్మ వీపు వంగింది.

"వదిలెయ్యండి పిన్నిగారూ!" నాగవల్లి అరిచింది.

రావమ్మ వదల్లేదు. పళ్ళు బిగబట్టి, చప్పుడు కాకుండా దించి, మ్యాట్ మీద కూలబడింది. "ఏం లేదులే," అంది గానీ లేవలేకపోయింది. సాత్విక్ వచ్చి తల్లిని కారెక్కిస్తూ నాగవల్లి వైపు ఒక చూపు చూశాడు. నాలుగు మాటలన్నా ఇంత బాధ ఉండేది కాదు.

కండరం పట్టిందంతే, వారంలో తగ్గుతుందన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటతో షాపు బతికింది. నాగవల్లి మర్నాడే పటమట వెళ్ళింది. నడుముకు బెల్టు కట్టుకుని, స్టూలు మీద కూర్చుని పనివాళ్ళకు పురమాయిస్తోంది రావమ్మ. ఎవరో గరిటె ఠంగుమని పెడితే ఉలిక్కిపడి, "మెల్లగానే!" అని కసిరింది. నాగవల్లికి అంతా అర్థమైంది.

"తప్పు నాదండీ. అందరికీ మొదట నేర్పేది మీకు నేర్పలేదు. తగ్గాక ఒక్కసారి రండి."

పది రోజులకు వచ్చింది. రాడ్డుకు ఐదేసి కిలోల ప్లేట్లు తగిలించి పడెయ్యమంది నాగవల్లి. నడుము దాకా ఎత్తింది రావమ్మ. ఎత్తింది సరే, వేళ్ళు విచ్చుకోవే! అరగంటసేపు అదే తంతు.

"చేతిలోది జారనిచ్చేది వంటమనిషేంటమ్మాయ్? గరిటె కిందపడితే మా అత్తగారు రోజంతా మాట్లాడేది కాదు."

"ఇందులో సాంబారు లేదు పిన్నిగారూ."

రావమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో పట్టు సడలి రాడ్డు దభీమని పడింది. వెంటనే వెనక్కి తిరిగి చూసింది, ఎవరు తిడతారోనని. పక్క షెడ్డులో సుత్తులు మోగుతున్నాయి. పట్టించుకున్న నాథుడు లేడు.

"మళ్ళీ వేస్తా," అంది.

ఆ పొద్దున ఇరవైమూడు సార్లు పడేసింది. చివరి నాలుగైదు కొంచెం కసిగానే పడేసింది, ఎవరి మీదో మరి. యాభై ఆరేళ్ళ మనిషి చెమటలు కక్కుతూ చిన్నపిల్లలా నవ్వుతుంటే నాగవల్లికి ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. నెల తిరిగేసరికి యాభై కిలోలు వీపు వంగకుండా లేచాయి.

ఆ మరుసటి ఆదివారం పదకొండున్నరకు సాత్విక్ ఫోన్ చేశాడు. అతను ఎప్పుడూ చెయ్యడు.

"మేడం, అమ్మ అన్నం గుండిగ పడేసిందండీ."

నాగవల్లి గబుక్కున అడిగింది, "నడుమెలా ఉంది?"

"నడుముకేం కాలేదు. ఒక పక్క జారగానే వదిలేసి వెనక్కి గెంతింది. షాపంతా అన్నమే, నేను ఊడుస్తున్నా."

"ఆవిడేం చేస్తున్నారు?"

"మళ్ళీ బియ్యం కడుగుతోందండీ. పన్నెండున్నరకల్లా అన్నం ఉడికిపోద్ది, ఎవరూ వెళ్ళొద్దని బయట వాళ్ళకి కేకేసి చెబుతోంది."